బస్తాకెక్కని నత్రజని

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్ ఒకప్పుడు పొలాల మధ్య ఊరు. ఆ పొలాలు సంస్థలకూ కాలనీలకూ పోయాయి. ఇప్పుడు ఒకపక్క ఐఐటీ, ఒకపక్క జేఎన్‌యూ, ఇంకోపక్క కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా ఆఫీసులు. నడుమ మిగిలినవి ఇళ్లే. గోడకు గోడ ఆనుకుని లేచిన ఆ ఇళ్లలో గేట్‌కీ, ఇంజనీరింగ్ సర్వీసెస్‌కీ, సివిల్స్‌కీ చదువుకునే పిల్లలు అద్దెకుంటారు. తెలుగు పిల్లలూ వాళ్లలో ఉంటారు. సివిల్స్ చదివేవాళ్లు బట్టీ పట్టే పథకాల్లో సేంద్రియ వ్యవసాయానికీ ఒక పేజీ ఉంటుంది. పరంపరాగత్ కృషి వికాస్ యోజన, 2015. సిక్కిం పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటన, 2016. జాతీయ సహజ వ్యవసాయ మిషన్, 2024. ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం. ఆ పేజీలో సాధారణంగా కనిపించని ప్రశ్న ఒకటుంది: యూరియా ఆపేస్తే పైరుకు నత్రజని ఎక్కడి నుంచి వస్తుంది? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే. దాని జవాబు తెలిస్తే ఏ పథకం నిలుస్తుందో, ఏది కాగితం మీదే ఆగిపోతుందో చాలావరకు అర్థమవుతుంది.

కటవారియా సరాయ్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సంజయ్ వన్ ఉంది. ఆరావళి గుట్టల తోకభాగం. అక్కడ ఎటు చూసినా సర్కారు తుమ్మే. బ్రిటిష్ ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఢిల్లీ గుట్టల మీద నాటించిన విదేశీ చెట్టు అది. స్థానిక జాతులను తొక్కేసిందని దాని మీద న్యాయమైన ఫిర్యాదులున్నాయి. అయినా మన ప్రశ్నకు పనికొచ్చే సంగతి ఒకటి దాని కింద దొరుకుతుంది. రాలిన ఆకు పొరను వేలితో పక్కకు జరిపి చూడండి. పైన ఎండిన చిట్టి ఆకులు, ఆకారం చెడకుండా ఉంటాయి. దాని కింద పొరలో ఆకులు నల్లబడి, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటి మధ్య తెల్లటి సన్నని దారాలు కనిపిస్తే అవి శిలీంధ్రాలు. ఇంకా కిందికి వెళితే ఆకేదో మట్టేదో చెప్పలేం. ఆ గుట్టకు ఎవరూ యూరియా చల్లలేదు. చెట్టు పప్పుజాతి కుటుంబానిది కనుక దాని వేళ్లలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది, రాలిన ఆకు దాన్ని మళ్లీ నేలకిస్తుంది.

ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసేవాళ్లు ఇక్కడే ఒక మాటంటారు: అడవికి ఎరువెవరు వేశారు, పొలానికెందుకు? వినడానికి బాగుంటుంది, సగం నిజం కూడా. మిగతా సగం ఏమిటంటే, అడవి నుంచి ఏటా బస్తాలు బండెక్కి పోవు. పొలం నుంచి పోతాయి. ఒక టన్ను వడ్లలో పది పన్నెండు కిలోల నత్రజని, రెండు మూడు కిలోల భాస్వరం ఉంటాయి. నెల్లూరులోనో, మిర్యాలగూడలోనో మరాడించిన బియ్యం కటవారియా సరాయ్ వంటగదికి చేరితే, ఆ మట్టిలోని నత్రజని, భాస్వరమూ దాంతోపాటే ఢిల్లీ చేరినట్టు. భోజనం తర్వాత అవి మురుగుకాలువలోకి పోతాయి. నెల్లూరుకు తిరిగి వెళ్లే దారి లేదు. కాబట్టి పొలం లెక్క అడవి లెక్క కాదు. పోయినదాన్ని ఎలా పూడ్చాలో చెప్పని వ్యవసాయ పద్ధతి, దాని పేరేదైనా, కొన్నేళ్లకు ఆగిపోతుంది.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల బస్తా ఒకటి విప్పితే అందులో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. రైతు దానికిచ్చేది 266 రూపాయల 50 పైసలు. మిగతా ఖర్చు, అంటే అసలు ఖరీదులో అధిక భాగం, కేంద్ర ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తుంది. రెండో పక్కన ద్రవ జీవామృతం డ్రమ్ము పెట్టండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో రెండు రోజులు, రోజూ కర్రతో తిప్పుతూ ఉంచాలి. పచ్చి పేడలో నత్రజని నూటికి అరపాలు కూడా ఉండదు. మూత్రం, పిండి అన్నీ కలిపినా డ్రమ్ము మొత్తంలో పావు కిలోకు అటూ ఇటూ. బస్తాకూ డ్రమ్ముకూ నూరు రెట్ల దాకా తేడా.

ఈ అంకె చూపించి జీవామృతం వట్టి నమ్మకమని కొట్టిపారేసే శాస్త్రవేత్తలున్నారు. ఇదే అంకెను దాటవేసి జీవామృతం పోస్తే చాలు అన్నీ వస్తాయని చెప్పే ప్రచారకులూ ఉన్నారు. ఇద్దరూ దాన్ని ఎరువుగానే చూస్తున్నారు. అది పాలకు వేసే తోడు లాంటిది. తోడు గిన్నెలో చెంచాడే ఉంటుంది, పని పాల మీద జరుగుతుంది. పాలు లేకుండా ఎంత తోడు వేసినా పెరుగు కాదు. పొలంలో పాలంటే చివకడానికి సిద్ధంగా ఉన్న ఆకు, కొమ్మ, వేరు, గడ్డి. బతికున్న వేళ్లు వదిలే చక్కెరలు. అవి లేని ఎర్రనేలలో, ఎండకు కాలిపోతున్న బోసి చెలకలో డ్రమ్ముల కొద్దీ జీవామృతం పోసినా అందులోని సూక్ష్మజీవులకు తినడానికేమీ ఉండదు. తెలంగాణ, రాయలసీమ ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల అరశాతం లోపే. అక్కడ ముందు చేయాల్సిన పని కర్బనం పెంచడం.

నత్రజని వచ్చే దారి వేరే ఉంది, దాన్ని కంటితో చూడొచ్చు. పూతకొచ్చిన అలసంద మొక్కనో, పిల్లిపెసర మొక్కనో తడి నేలలోంచి మెల్లగా పెళ్లగించి, వేళ్ల మట్టి నీళ్లలో కడగండి. మిరియాల గింజంత, ఆవగింజంత బొడిపెలు వేళ్లకు అంటుకుని ఉంటాయి. ఒక బొడిపెను గోటితో చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు, ఒక్కోసారి రక్తం లాంటి ఎరుపు. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఉన్నట్టే అక్కడ లెగ్‌హిమోగ్లోబిన్ ఉంటుంది. దాని పని ఆక్సిజన్‌ను అదుపులో పెట్టడం. నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. బ్యాక్టీరియాకేమో ఊపిరాడటానికి ఆక్సిజన్ కావాలి. ఎంజైమ్ చెడకుండా, బ్యాక్టీరియా ఆగకుండా చూసేది ఆ ఎర్రటి పదార్థం. చీల్చిన బొడిపె ఆకుపచ్చగానో తెల్లగానో ఉంటే అది పనిచేయడం లేదని గుర్తు. హేబర్, బాష్ కనిపెట్టిన పద్ధతిలో ఫ్యాక్టరీలు ఇదే నత్రజనిని 400 డిగ్రీలకు పైబడిన వేడిలో, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడిలో విడగొడతాయి. బొడిపె ఆ పనిని మన పొలం మట్టి వేడిలోనే చేస్తుంది, ఖర్చు మొక్క తయారుచేసిన చక్కెర. జీలుగ బాగా పెరిగిన ఎకరంలో ఏడు వారాల్లో చేరే నత్రజని ఒక బస్తా యూరియాతో సమానంగా ఉంటుంది, కొన్నిచోట్ల ఎక్కువే.

అయితే కోసిన గడ్డంతా ఒకటే అనుకుంటే దెబ్బతింటాం. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి అరవై డెబ్బై పాళ్ల కర్బనం. దాన్ని చివికించే సూక్ష్మజీవులు శరీరం కట్టుకోవడానికి నత్రజని చాలక మట్టిలో ఉన్నది కూడా లాక్కుంటాయి. గడ్డి దున్నిన వారం పది రోజులకే నాటు వేస్తే నారు పసుపెక్కేది అందుకే. రైతు కంగారుపడి బస్తా తెచ్చి చల్లేదీ అప్పుడే. పప్పుజాతి పచ్చిరొట్టలో ఆ నిష్పత్తి ఇరవైకి దగ్గరగా ఉంటుంది. అది చివికేటప్పుడు నత్రజని మిగిలి పైరుకందుతుంది. రెండూ కలిపి వేయాలా, గడ్డిని పైన కప్పాలా, కలియదున్నాలా, ఎన్ని రోజులు ఆగాలి అన్నది నేలను బట్టి, తడిని బట్టి మారుతుంది. ఈ పరిజ్ఞానాన్ని సంచిలో పోసి అమ్మడం కుదరదు. ప్రభుత్వాలకు ఎదురయ్యే అసలు కష్టం ఇదే. బస్తాకు సబ్సిడీ ఇవ్వడం తేలిక: డిపో, డీలరు, రసీదు, లెక్క. ఫలానా పొలంలో ఫలానా రోజు ఏం చేయాలన్న తెలివికి సబ్సిడీ ఇవ్వాలంటే దాన్ని మోసుకెళ్లే మనుషులకు జీతమివ్వాలి.

తెలుగు నేలలో ఆ సంగతి మొదట పురుగుల దగ్గర తేలింది. 1980ల చివర్లో, 90ల మొదట్లో తెలంగాణ చెలకల్లో ఆముదం పంటను ఎర్రగొంగళి పురుగు ఊడ్చేసేది. ఒళ్లంతా బొచ్చున్న ఆ పురుగు ఎదిగాక మందులకు సరిగా లొంగదు. దాని జీవితాన్ని దగ్గరగా చూసినవాళ్లకు ఒక సందు దొరికింది. తొలకరి వానలు పడ్డాక కొద్ది రోజుల్లో తల్లి రెక్కల పురుగులు నేలలోంచి ఒక్కసారిగా బయటికొస్తాయి, రాత్రిపూట మంట కనిపిస్తే అటు పోతాయి. గుడ్లు పెట్టకముందే పొలాల్లో మంటలు వేస్తే చాలావరకు తెగ్గొట్టొచ్చు. తప్పించుకున్నవాటి కోసం గట్ల వెంట కందకాలు, జిల్లేడు కొమ్మలు. ఇందులో ఒక షరతుంది: ఊరంతా కలిసి అదే రోజుల్లో మంటలు వేయాలి. ఒక్క రైతు తన ఎకరంలో వేసుకుంటే పక్క చేలోంచి పురుగు వస్తుంది. మందుడబ్బా ఎవరికి వాళ్లు కొనుక్కుని ఎవరి చేలో వాళ్లు చల్లుకునేది. మంట ఊరిది.

పత్తి చేలలో కథ ఇంకా దారుణం. దేశంలో చల్లే పురుగుమందుల్లో సగం దాకా ఒకప్పుడు పత్తి మీదే పడేవి. 1987 నాటికే కోస్తాలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్ మందులను తట్టుకోవడం మొదలుపెట్టింది. మందు పెరిగింది, అప్పు పెరిగింది, మందు చంపిన మిత్రపురుగుల చోటు ఖాళీగా మిగిలింది. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులు మనం మర్చిపోగలిగినవి కావు. ఆ రోజుల్లోనే, 1999లో, ఖమ్మం జిల్లా పునుకులలో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ కొద్దిమంది రైతులతో మందుల్లేని పత్తి మొదలుపెట్టించింది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, పసుపు రంగు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, గట్ల మీద ఎర పంటగా ఆముదం, బంతి. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపదు. మేత మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. కనుక పురుగు చిన్నగా ఉన్నప్పుడే చల్లాలి, దాని కోసం రోజూ ఆకు తిప్పి చూడాలి. పునుకులలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు ఈ పనిని తమదిగా తీసుకున్నాయి. వేపగింజలు ఏరి దంచింది వాళ్లు. మందులకు అప్పు తేవద్దని మగవాళ్లతో పట్టుబట్టింది వాళ్లు. కొన్నేళ్లలోనే పంచాయతీ తమది పురుగుమందుల్లేని ఊరని ప్రకటించుకుంది. జనగామ ప్రాంతంలోని ఏనెబావి అనే చిన్న ఊరు ఇంకో అడుగు వేసి రసాయన ఎరువులనూ వదిలేసింది.

పునుకులను చూసి నేర్చుకున్న ప్రభుత్వ విభాగం వ్యవసాయ శాఖ కాదు, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్. నాకు ఇందులో చాలా అర్థం కనిపిస్తుంది. వ్యవసాయ శాఖ దగ్గర అధికారులున్నారు, విత్తనాల కోటా ఉంది. సెర్ప్ దగ్గర ఉన్నవి డ్వాక్రా సంఘాలు, ఊరూరా వారం వారం కూర్చునే ఆడవాళ్లు. 2004-05లో కొద్ది ఊళ్లతో మొదలైన పురుగుమందుల్లేని సాగు 2009 నాటికి మూడు లక్షలకు పైగా రైతులకు చేరింది. ఆ పనిని నడిపించిన ఐఏఎస్ అధికారి టి. విజయ్ కుమార్ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థను నిలబెట్టారు. 2014లో ఏర్పడిన ఆ సంస్థే జీవామృతాన్ని ప్రచారంలోకి తెచ్చిన సుభాష్ పాలేకర్ పద్ధతిని తీసుకుని 2015-16 నుంచి మొదట పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయంగా, తర్వాత ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయంగా రాష్ట్రమంతా తీసుకెళ్లింది.

ఈ కార్యక్రమంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది నవధాన్యాల సాగు. రుతుపవనాలకు ముందే, ఏప్రిల్, మే ఎండల్లో, పొడి నేలలో పదిహేను నుంచి ముప్పై రకాల విత్తనాలు కలిపి చల్లుతారు. జొన్న, సజ్జ, కొర్ర, పెసర, మినుము, అలసంద, ఉలవ, నువ్వు, ఆముదం, ఆవాలు, గోంగూర, తోటకూర. విత్తనాలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి గుళికలు చేస్తారు. చీమలు ఎత్తుకుపోకుండా, వేడికి మాడిపోకుండా. చల్లాక పైన గడ్డో, చెత్తో కప్పుతారు. రాయలసీమలో 2018లో దీన్ని మొదలుపెట్టినప్పుడు ఎండాకాలంలో వానకు ముందు విత్తనమేమిటని అడిగినవాళ్లు చాలామంది. చిన్న జల్లు పడ్డా మొలకలొచ్చాయి. నేల ఏడాదిలో ఎక్కువ రోజులు పచ్చగా ఉంటే వేళ్లు ఎక్కువ రోజులు చక్కెరలు వదులుతాయి, సూక్ష్మజీవులకు మేత దొరుకుతుంది, నేల వేడి తగ్గుతుంది. పప్పుజాతి నత్రజనిస్తుంది, చిరుధాన్యం కర్బనమిస్తుంది, లోతు వేరున్నవి కింది తేమను అందుకుంటాయి. తగినంత ఎదిగాక పశువులకు కొంత కోసి మిగతాది నేలకే వదిలి, వానాకాలం పంట వేస్తారు. జీవామృతం డ్రమ్ముకు కావాల్సిన మేత ఇక్కడ తయారవుతుంది.

దీన్ని చేలోకి దిగి చూపించేది ఐసీఆర్పీ అని అందరూ పిలిచే సాటి రైతు. ఎక్కువచోట్ల స్త్రీ. ముందు తన పొలంలో చేసి, పండించి, తర్వాత పక్క ఊళ్లో సంఘాల సమావేశాల్లో కూర్చుని చెబుతుంది, పొలం గట్ల మీద నడుస్తూ చూపిస్తుంది. పైరు పసుపెక్కిందని ఒక రైతు భయపడితే మర్నాడు వచ్చి చూసేది ఆమే. డబ్బు ప్రధానంగా ఇలాంటివాళ్ల మీద ఖర్చు పెట్టడం ఈ కార్యక్రమం చేసిన సరైన పని. 2018లో 2024 నాటికి 60 లక్షల మంది రైతులనూ, 80 లక్షల హెక్టార్లనూ మారుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2024 వచ్చేసరికి చేరింది పది లక్షల దరిదాపు రైతులకు. వాళ్లలో అరెకరంతో మొదలుపెట్టి అక్కడే ఆగినవాళ్లూ ఉన్నారు. ప్రకటించినదానితో పోలిస్తే చిన్న సంఖ్య, కానీ ప్రపంచంలో ఇంత పెద్ద ప్రయత్నాలు అరుదు. పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ 2024లో తన మానవతా పురస్కారాన్ని ఈ కార్యక్రమానికి, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌కు, ఈజిప్టుకు చెందిన సెకెమ్‌కు కలిపి ఇచ్చింది.

ఢిల్లీ పథకాలు మొదట్లో ఇంకో దారిలో నడిచాయి. కటవారియా సరాయ్‌కి ఆట్టే దూరం లేని సిరి ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాలో వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా ఉంది. 2001 నుంచి అమల్లో ఉన్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమాన్ని నడిపేది అదే. ఏటేటా వేసే పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు మార్పు కాలం, గుర్తింపు పొందిన సంస్థల తనిఖీ, ఆ తర్వాత ధ్రువపత్రం. అరకు గిరిజనుల కాఫీ ప్యారిస్ చేరిందంటే అలాంటి కాగితం కావాల్సిందే. ఊరి సంతలో వంకాయలు అమ్మే రైతుకు దాని ఖర్చు భారం. అందుకే ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం 2011లో పీజీఎస్ ఇండియా తెచ్చింది. అందులో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. పరంపరాగత్ కృషి వికాస్ యోజన 20 హెక్టార్ల క్లస్టర్లుగా రైతులను చేర్చి, హెక్టారుకు మూడేళ్లలో 50 వేల రూపాయలు కేటాయించింది. అందులో 31 వేలు విత్తనాలకు, జీవ ఎరువులకు రైతుకు అందేలా. మూడేళ్లయ్యాక పథకం వెళ్లిపోయింది. రైతుకు మళ్లీ సందేహమొస్తే అడగడానికి మనిషి లేని చోట ఆ క్లస్టర్ నిలవడం కష్టం.

ధ్రువపత్రం చెప్పేది రైతు ఏం వేయలేదన్న సంగతి మాత్రమే. ఇందుకు ఢిల్లీలోనే ఉదాహరణ ఉంది. యమున ఒడ్డున కూరగాయలు పండించే నేలల్లో భార లోహాలు చేరడం వల్ల, 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ వరదమైదానంలో తినే పంటలు వద్దని ఆదేశించింది. అక్కడి రైతు ఒక్క చుక్క పురుగుమందు వాడకపోయినా నది తెచ్చిన సీసం, క్యాడ్మియం పోవు. ఆ నీళ్లను పాడుచేసింది అతను కాదు, పొలం పోయింది మాత్రం అతనిదే.

2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌లో ఆంధ్ర అనుభవం స్పష్టంగా కనిపిస్తుంది. 15 వేల క్లస్టర్లు, 7.5 లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులు, 10 వేల జీవ వనరుల కేంద్రాలు. వాటితోపాటు 30 వేల మంది కృషి సఖులు, సాటి రైతు కార్యకర్తలు. మొత్తం కేటాయింపు 2,481 కోట్లు. రసాయన ఎరువుల సబ్సిడీకి కేంద్రం ఒక్క ఏడాదిలో పెట్టేది లక్షన్నర కోట్లకు పైనే. రెండు సంఖ్యలూ పక్కపక్కన పెడితే రైతు ఏ వైపు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. అలాగని సబ్సిడీని రాత్రికి రాత్రి కోసేయమనేవాళ్లతో నేను ఏకీభవించను. శ్రీలంకలో గొటబయ రాజపక్స 2019 ఎన్నికల్లో పదేళ్లలో సేంద్రియానికి మారుస్తానన్నారు; 2021లో ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు. వరి దిగుబడి కుప్పకూలింది, తేయాకు దెబ్బతింది, అదే ఏడాది నవంబర్‌లో నిషేధం ఎత్తేశారు. అక్కడ నేలకు పచ్చిరొట్ట పెంచుకునే వ్యవధి ఇవ్వలేదు, నేర్పే మనుషులనూ సిద్ధం చేయలేదు. సిక్కిం పరిస్థితి వేరు. 2003లో శాసనసభ తీర్మానం చేసి పదమూడేళ్లు తీసుకుంది, పైగా ఆ కొండల్లో అంతకుముందూ ఎరువులు తక్కువే.

శాస్త్రవేత్తల అభ్యంతరాలను దాటవేయకూడదు. 2019లో కేంద్ర బడ్జెట్ పెట్టుబడి లేని వ్యవసాయాన్ని ప్రస్తావించాక, జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ నిపుణులు దానికి రుజువుల్లేవని ప్రధానికి రాశారు. మొక్కకు కావాల్సినదాంట్లో నూటికి 98 పాళ్లు గాలి, నీరు, ఎండల నుంచే వస్తుందన్న పాలేకర్ వాదన మీద వాళ్ల అసహనం అర్థం చేసుకోదగ్గదే. బరువు లెక్కన ఆ మాట దాదాపు నిజం, ఎందుకంటే మొక్క పొడి బరువులో 95 పాళ్లకు పైగా కర్బనం, ఆక్సిజన్, హైడ్రోజనే. మిగిలిన కొద్దిపాటి నత్రజని, భాస్వరం, పొటాష్ లేకుండా ఆ 95 పాళ్లూ కూడవు. 2020లో జో స్మిత్ బృందం నేచర్ సస్టెయినబిలిటీలో ప్రచురించిన అంచనా ప్రకారం, ఈ పద్ధతిలో నేలకు అందే నత్రజని దేశ సగటు ఎరువుల వాడకంలో 52 నుంచి 80 శాతం. అంటే తక్కువ ఎరువులతో సాగే మెట్ట రైతుకు నష్టం లేదు, లాభమే ఉండొచ్చు. బస్తాల మీద బస్తాలు వేసి పండించే డెల్టా రైతుకు మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గే ప్రమాదముంది. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాల్లో ప్రకృతి, సేంద్రియ, రసాయన సాగు పద్ధతులు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రకృతి సాగులో దిగుబడి రసాయన సాగు కన్నా తగ్గలేదు, వానపాములు ఎక్కువ కనిపించాయి. గడ్డి కప్పడం వల్ల నేల చల్లబడటం, తడి నిలవడం కారణాలుగా తేలాయి. అవి కొద్ది సీజన్ల ఫలితాలు. ఇలాంటి ప్రయోగాలు పదేళ్లు, ఇరవై ఏళ్లు ఒకే మడిలో నడవాలి, వాటికి విశ్వవిద్యాలయాలు డబ్బివ్వాలి.

ముఖ్యంగా భాస్వరం కోసం. నత్రజనిని గాలి నుంచి పట్టొచ్చు. భాస్వరం గాలిలో లేదు. దశాబ్దాలుగా వేసిన డీఏపీ ఎరువులోని భాస్వరంలో చాలా భాగం మన నేలల్లో బిగుసుకుని ఉంది, వేళ్లకు అల్లుకునే మైకోరైజా శిలీంధ్రాలు దాన్ని కొంతకాలం విడదీసి ఇస్తాయి. అందుకే మొదటి ఏళ్లలో లోటు కనిపించదు. బండెక్కి ఢిల్లీకి పోయిన భాస్వరం ఎప్పుడో ఒకప్పుడు పొలానికి తిరిగి రావాలి. నగరాల మురుగులో అది ఉంది, దాంతోపాటు ఫ్యాక్టరీల భార లోహాలూ ఉన్నాయి. ఇళ్ల మురుగునూ పరిశ్రమల మురుగునూ వేరు చేయడం మునిసిపల్ శాఖ పని. ఏ సేంద్రియ పథకంలోనూ ఆ శాఖ పేరు నాకు కనిపించలేదు.

ఇంకా పెద్ద చిక్కు కౌలుది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నేల దున్నేవాళ్లలో చాలామంది సొంతదారులు కారు. కర్బనం పెరగడానికి ఏళ్లు పడుతుంది, ధ్రువీకరణకు కనీసం రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం 2019 ప్రకారం కౌలు రైతుకు ఇచ్చే కార్డు గడువు 11 నెలలు, దానికీ భూయజమాని సంతకం కావాలి. వచ్చే ఏడాది ఆ పొలం తనకిస్తారో లేదో తెలియని రైతు ఈ ఏడాది నవధాన్యాలు ఎందుకు చల్లాలి? నేల బాగుపడితే కౌలు పెంచుతారన్న భయం కూడా ఉంటుంది. ఒక బస్తా యూరియా ఫలితం ఆ పంటలోనే చేతికొస్తుంది, 11 నెలల కాగితానికి అదే సరిపోతుంది. ప్రకృతి వ్యవసాయం డెల్టాలో మెట్ట ప్రాంతాల్లోలా నిలవాలంటే వ్యవసాయ శాఖ కన్నా ముందు రెవెన్యూ శాఖ కదలాలి: మూడేళ్లకో ఐదేళ్లకో రాతపూర్వకమైన కౌలు, యజమానికి తన హక్కు పోదన్న భరోసా, ఆ గడువులో కౌలు పెంచకూడదన్న షరతు.